రాయగడ పటిక ఫ్యాక్టరీ ఓడ ఎక్కించిన సరుకు: ఒక కేస్ స్టడీ

ఒడిశాలోని రాయగడ పట్టణానికి కొద్ది దూరంలో ఒక చిన్న రసాయన ఫ్యాక్టరీ ఉంది. అక్కడ అల్యూమినియం సల్ఫేట్, అంటే నీటి శుద్ధికి వాడే పటిక తయారవుతుంది. యజమాని కుటుంబం రెండు తరాల కిందట పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఫ్యాక్టరీ గేటు దగ్గర రెండూ, వాటితో పాటు చుట్టుపక్కల కోంధ్ గ్రామాల నుంచి వచ్చే కార్మికుల కుయి భాష. విదేశాలకు సరుకు పంపాలని ఆ కుటుంబం అనుకుంది. అది సాధ్యమో కాదో తేల్చే పని నాకు అప్పగించింది.

నేను కెమికల్ ఇంజనీరును. మొదట అల్యూమినా (అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ నుంచి తీసే ఆక్సైడ్) రిఫైనరీ ప్రయోగశాలలో పని చేశాను, ఇప్పుడు చిన్న ఫ్యాక్టరీలకు ప్రాసెస్ సలహాలు ఇస్తున్నాను. యజమాని అనుమతితో, పేర్లూ ధరలూ తీసివేసి ఆ పనంతటినీ ఇక్కడ రాస్తున్నాను. మా సరిహద్దు జిల్లాల్లో ఏ వ్యాపారుల సమావేశానికి వెళ్లినా "కొండల నిండా ఖనిజం పెట్టుకుని ఎగుమతికి ఏమి తక్కువ?" అనే ప్రశ్న వినిపిస్తుంది. నాలుగేళ్ల కిందట ఈ యజమాని కూడా అదే అడిగారు. ఏమి తక్కువో ఈ ఒక్క ఫ్యాక్టరీ పద్దుల్లోనే కనబడుతుంది.

ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న సంపద

దేశంలోని బాక్సైట్‌లో అన్ని రాష్ట్రాల కంటే పెద్ద వాటా ఒడిశాదే. అందులో ఎక్కువ భాగం కొరాపుట్, రాయగడ, కలహండి జిల్లాల కొండల మీద దుప్పటిలా పరచుకుని ఉంటుంది. 1981లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో, పంచపట్మాలి కొండ బాక్సైట్‌తో దమన్‌జోడీలో రిఫైనరీ నడుపుతోంది. దాని సామర్థ్యం ఏటా 21 లక్షల టన్నులు. రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలోని ఉత్కళ్ అల్యూమినా రిఫైనరీకి బాఫ్లిమాలి కొండ నుంచి ఖనిజం వస్తుంది. కలహండి జిల్లా లాంజిగఢ్‌లో మూడోది ఉంది. ఈ మూడూ రాయగడ నుంచి ఒక పూటలో చేరుకోగలిగిన దూరంలోనే ఉన్నాయి.

మన బాక్సైట్ మంచి జాతి. ఇందులో అల్యూమినా గిబ్‌సైట్ అనే తేలిగ్గా కరిగే రూపంలో ఉంటుంది, రియాక్టివ్ సిలికా (సోడాతో చర్య జరిపే సిలికా) తక్కువ. అందువల్ల దమన్‌జోడీలో మామూలు వాతావరణ పీడనం దగ్గర, సుమారు 105 డిగ్రీల వేడిలోనే కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగించగలుగుతున్నారు. యూరప్‌లోనూ చైనాలోనూ చాలా రిఫైనరీలకు ఇంతకంటే ఎంతో ఎక్కువ వేడి, ఎక్కువ పీడనం కావాలి. వేడి తగ్గితే బొగ్గు ఆదా అవుతుంది. సిలికా తగ్గితే కాస్టిక్ సోడా ఆదా అవుతుంది, ఎందుకంటే ఆ సిలికా సోడాను పట్టుకుని ఎర్ర బురద అనే రిఫైనరీ వ్యర్థంతో పాటు బయటకు పోతుంది. ప్రకృతి ఇచ్చిన ఈ వెసులుబాటును తక్కువగా చూడకూడదు.

అయినా అది ఎంత దూరం తీసుకెళ్తుంది? గినీ దేశం సంగతి చూడండి. ప్రపంచంలో అతిపెద్ద బాక్సైట్ నిల్వలు అక్కడివే. ఫ్రియా పట్టణంలో 1960లోనే రిఫైనరీ పెట్టారు. అరవై ఏళ్లు దాటినా ఆ దేశపు బాక్సైట్‌లో అత్యధిక భాగం రాయిగానే ఓడ ఎక్కి చైనాకు పోతోంది. మరోవైపు యూఏఈ నేలలో చెప్పుకోదగ్గ బాక్సైట్ లేదు. కానీ అక్కడి అల్ తవీలాలో 2019లో రిఫైనరీ మొదలైంది, మొదటి ఏళ్లలో ప్రధానంగా గినీ రాయితోనే నడిచింది. గనిలేని చోట రసాయన పరిశ్రమ పెరిగింది, గనులున్న చోట పెరగలేదు. మన దేశం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. నీతి ఆయోగ్ 2025 జూలైలో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచ రసాయన విలువ గొలుసులో మన వాటా సుమారు 3.5 శాతం, 2023లో రసాయనాల వాణిజ్య లోటు 31 బిలియన్ డాలర్లు. ఇనుము, బొగ్గు, బాక్సైట్, క్రోమైట్, తీరపు ఇసుకలో టైటానియం ఉన్న దేశానికి ఈ లోటు ఎలా వచ్చిందో పటిక రియాక్టర్ పక్కన నిలబడితే బాగా అర్థమవుతుంది.

పటిక లెక్క

తయారీ పద్ధతి కష్టమైనది కాదు. ఆమ్లం తినివేయని పొర వేసిన రియాక్టర్‌లో నీళ్లు పోసి అల్యూమినా హైడ్రేట్ (రిఫైనరీలో బాక్సైట్ నుంచి తీసిన, నీరు కలిసి ఉన్న అల్యూమినా పొడి) కలుపుతారు. దాని మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మెల్లగా వదులుతారు. చర్య మొదలైతే బయటి నుంచి వేడి ఇవ్వనక్కర లేదు, తనంతట తానే మరుగుతుంది. ఆ చిక్కటి ద్రవాన్ని గచ్చు మీద తొట్లలో పోస్తే గట్టిపడి పలకలవుతుంది. పగలగొట్టి సంచుల్లో నింపుతారు.

అల్యూమినా 16 శాతం ఉన్న ఒక టన్ను పటికకు దాదాపు 245 కిలోల పొడి హైడ్రేట్, 470 కిలోల 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. మిగతాది నీరు. అంటే పక్క కొండ నుంచి వచ్చే సరుకు టన్నులో పావు వంతు. సగానికి దగ్గరగా ఉన్నది ఆమ్లం. ఆ ఆమ్లానికి మూలమైన గంధకం మన కొండల్లో లేదు. ఒక టన్ను ఆమ్లానికి సుమారు 330 కిలోల గంధకం కావాలి. చమురు శుద్ధి కేంద్రాల్లో వచ్చేది చాలక గల్ఫ్ దేశాల నుంచి ఓడల్లో తెచ్చుకుంటాం. అది విశాఖలోనో పారాదీప్‌లోనో దిగి, ఆమ్లమై, ట్యాంకర్‌లో ఘాట్ రోడ్డు ఎక్కి రాయగడ చేరుతుంది. 2022లో గంధకం ధర ఆకాశానికెక్కి, అదే ఏడాది రెండో సగంలో కుప్పకూలింది. మా ఫ్యాక్టరీ పుస్తకాల్లో ఆ ఏడాది లాభనష్టాల పేజీలో బాక్సైట్ జాడే కనబడదు, అంతా గంధకమే.

ఈ లెక్క చూపించినప్పుడు యజమాని కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అంటే బాబూ, మనం అమ్ముతున్నది గల్ఫ్ వాళ్ల గంధకమూ, నాగావళి నీళ్లూనా?" అన్నారు.

"బరువు మాట వరకు అంతే అండీ. ఆ బరువుకే మీరు ఓడ కిరాయి కట్టాలి" అన్నాను.

ఎగుమతి ఆలోచనకు మొదటి దెబ్బ అక్కడే తగిలింది. కొనేవాడికి కావలసింది అల్యూమినా. ఒక టన్ను అల్యూమినా విదేశానికి చేర్చాలంటే పటిక రూపంలో ఆరు టన్నులకు పైగా పంపాలి. అదే హైడ్రేట్ రూపంలో అయితే టన్నున్నర చాలు, ఎందుకంటే హైడ్రేట్‌లో అల్యూమినా 65 శాతం. సుమారు 25 టన్నులు పట్టే ఇరవై అడుగుల కంటైనర్‌లో పటిక నింపితే లోపల అల్యూమినా 4 టన్నులు, హైడ్రేట్ నింపితే 16 టన్నులు. ఓడ కిరాయి మాత్రం రెండింటికీ ఒకటే. పటికకు విదేశాల్లో గిరాకీ లేదని కాదు. బంగ్లాదేశ్ అద్దకం మిల్లులు వాడతాయి, నీటి శుద్ధి కేంద్రాలు వాడతాయి. అయితే ఆమ్లమూ హైడ్రేటూ దొరికే ప్రతి దేశం పటికను తన దగ్గరే చేసుకోగలదు. ఇలాంటి సరుకు వందల కిలోమీటర్లు దాటగలదేమో గానీ సముద్రాలు దాటి లాభం తెచ్చిపెట్టదు.

పటిక ఉత్పత్తిని తగ్గించమని మాత్రం నేను చెప్పలేదు. దానికి ఇంటి చుట్టూ మంచి బజారు ఉంది. వానాకాలంలో నాగావళి, వంశధార ఎర్రగా పారినప్పుడు అటు దక్షిణ ఒడిశా పట్టణాలకూ ఇటు శ్రీకాకుళం, విజయనగరం వైపు నీటి పథకాలకూ పటిక కావాలి. ప్రభుత్వ టెండర్ల డబ్బు ఆలస్యంగా వస్తుంది, ఒక పట్టణ సంస్థ ఏడాది దాటినా చెల్లించని బిల్లు ఇంకా ఫైలులోనే ఉంది. ఆ ఇబ్బందులు ఉన్నా, ఫ్యాక్టరీకి రోజువారీ అన్నం పెట్టేది ఇదే.

క్లోరిన్ అడ్డం పడే చోటు

రెండో దారి పాలీ అల్యూమినియం క్లోరైడ్. వ్యాపారంలో పీఏసీ అంటారు. నీటి శుద్ధిలో ఇది పటిక కంటే తక్కువ మోతాదులో పని చేస్తుంది, నీటి ఆమ్లత్వాన్ని అంతగా పెంచదు. కాగితపు మిల్లులు పాత ఆమ్ల పద్ధతి వదిలి క్షార పద్ధతికి మారిన కొద్దీ పటిక వాడకం తగ్గి దీని వాడకం పెరిగింది. పీఏసీ పొడిలో అల్యూమినా దాదాపు 30 శాతం, అంటే పటికకు రెట్టింపు. ఎగుమతికి పటిక కంటే నయం.

దీనికి హైడ్రేట్‌తో పాటు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి. ఆ ఆమ్లానికి క్లోరిన్ కావాలి. క్లోరిన్ ఉప్పునీటిని విద్యుత్తుతో విడగొట్టినప్పుడు కాస్టిక్ సోడాతో పాటు పుడుతుంది: ఒక టన్ను కాస్టిక్‌కు 0.88 టన్నుల క్లోరిన్. ఒకటి వద్దు, ఇంకొకటే కావాలంటే కుదరదు. కాస్టిక్‌ను ట్యాంకర్‌లోనో ఓడలోనో ఎంత దూరమైనా పంపవచ్చు. క్లోరిన్ విష వాయువు. దాన్ని పుట్టిన చోటే, లేదా దగ్గరలోనే వాడేయాలి. అందుకే క్లోరిన్ కొనేవాళ్లు చుట్టూ ఉన్న చోటే క్లోరిన్, కాస్టిక్ కలిపి చేసే క్లోర్-ఆల్కలీ కర్మాగారాలు పెరుగుతాయి: పురుగుమందులు, పీవీసీ, రంగులు, మందుల ముడిసరుకులు చేసేవాళ్లు ఉన్నచోట. మన దేశంలో అది ప్రధానంగా గుజరాత్.

ఇక్కడ ఒక వాస్తవాన్ని నేను ప్రతి చిన్న పరిశ్రమ యజమానికీ చెబుతాను. దమన్‌జోడీ రిఫైనరీకి కాస్టిక్ సోడాయే ప్రాణం. అంత కాస్టిక్ వాడే నాల్కో సొంతంగా కాస్టిక్ తయారీలోకి దిగాలనుకున్నప్పుడు ఒడిశా తీరంలో పెట్టలేదు. గుజరాత్ ప్రభుత్వ రంగ సంస్థ జీఏసీఎల్‌తో కలిసి 2015లో ఉమ్మడి సంస్థను ఏర్పరచి, రోజుకు 800 టన్నుల కర్మాగారాన్ని గుజరాత్‌లోని దహేజ్‌లో కట్టింది. అది 2022లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దేశంలో ఒక మూలన బాక్సైట్, ఇంకో మూలన దాన్ని కరిగించే సోడా. ఈ రెంటినీ కలిపేది రైలో ఓడో. తూర్పు తీరంలో ఉప్పు లేకనా? గంజాం జిల్లాలో ఉప్పు మళ్లు ఉన్నాయి, ఋషికుల్య ముఖద్వారం దగ్గర 1960ల నుంచి ఒక క్లోర్-ఆల్కలీ కర్మాగారం కూడా ఉంది. లేనిది క్లోరిన్ కొనేవాళ్ల వరస.

నా వాదన అంతా ఈ ఒక్క చోటే ఉంది. రసాయన పరిశ్రమను నిలబెట్టేది ఖనిజం ఒక్కటే కాదు, ఖనిజం పక్కన ఉండే తోడు రసాయనాలు. అల్యూమినాకు సోడా, సోడాకు క్లోరిన్ వాడకందారులు, పటికకు గంధకం. ఈ తోడు ఉన్నచోట ఖనిజం లేకపోయినా పరిశ్రమ పెరుగుతుంది. తోడు లేనిచోట ఖనిజం ఉన్నా, దాన్ని ఒక మెట్టు మాత్రమే ఎక్కించి పంపేస్తాం. విశాఖ ఓడరేవు నుంచి మన అల్యూమినా టన్నులకు టన్నులు విదేశీ స్మెల్టర్లకు (అల్యూమినా నుంచి లోహం తీసే కర్మాగారాలకు) పోతున్నది ఈ ఒక మెట్టు ఎగుమతే. ఎగుమతి ప్రోత్సాహం అంటే రాయితీలు అని మాత్రమే ఆలోచించే అధికారులకు నేను కోపంతోనే చెబుతాను: గంజాం, రాయగడ మధ్య క్లోరిన్ వాడే పది ఫ్యాక్టరీలు రానివ్వండి, ఏ రాయితీ కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

మా ఫ్యాక్టరీ వరకు, పీఏసీని పక్కన పెట్టమన్నాను. ఒత్తిడి తట్టుకునే గాజు పూత రియాక్టర్, పొడి చేసే డ్రయ్యర్, నికరంగా దొరికే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మూడూ కావాలి. మొదటి రెండింటికి బ్యాంకు అప్పు ఇస్తుంది. మూడోది అప్పుతో దొరకదు.

హైడ్రేట్‌ను మెత్తగా రుబ్బితే

మిగిలింది మూడో దారి. రిఫైనరీ నుంచి వచ్చే హైడ్రేట్ రవ్వలా ఉంటుంది, గింజ పరిమాణం 80 నుంచి 100 మైక్రాన్ల మధ్య (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాన్ని కడిగి, ఆరబెట్టి, 10 మైక్రాన్లకో ఇంకా తక్కువకో రుబ్బితే అది వేరే సరుకు అవుతుంది. 200 డిగ్రీలు దాటిన తరువాత ఈ పొడి తన బరువులో దాదాపు 35 శాతం నీటి ఆవిరిని వదులుతూ మంటను చల్లారుస్తుంది. అందుకే కేబుళ్ల పైపొరలో, రబ్బరు కన్వేయర్ బెల్టుల్లో, విద్యుత్ ప్యానెళ్ల అచ్చు పదార్థంలో, కృత్రిమ పాలరాయిలో దీన్ని కలుపుతారు. పొగ తక్కువ, హాలోజన్లు లేని కేబుల్ పైపొరలో బరువులో సగానికి పైగా ఇదే ఉంటుంది. మెట్రో రైళ్లు, ఆసుపత్రులు, ఎత్తైన భవనాలు కట్టే ప్రతి దేశానికీ ఇది కావాలి.

ముడిసరుకు పక్కనే ఉంది. తోడు రసాయనం దాదాపు అవసరం లేదు, కావలసింది మిల్లు, పొడిని పరిమాణం ప్రకారం వేరు చేసే క్లాసిఫయర్, మంచినీళ్లు, కరెంటు. నేను ఈ దారిని సూచించడానికి ప్రధాన కారణం అదే. అయితే రిఫైనరీలే ఈ వ్యాపారంలో ఉన్నాయి. హిండాల్కో బెళగావిలో ప్రత్యేక రకాల హైడ్రేట్లు చేస్తుంది. పెద్దవాళ్లతో ధరలో పోటీ పడితే చిన్న ఫ్యాక్టరీ మూడు నెలలు నిలవదు. వాళ్లు ఇష్టపడని చిన్న లాట్లు, కొనుగోలుదారు అడిగిన పరిమాణానికి రుబ్బి ఇవ్వడం, స్టియరిక్ ఆమ్లపు పూత వేసి ఇవ్వడం, ఇవే మన చోటు.

మొదటి శాంపిల్ గల్ఫ్‌లోని ఒక కేబుల్ పదార్థాల తయారీదారుకు వెళ్లింది. మెత్తదనం బాగుంది, తెల్లదనం బాగుంది అన్నారు. కరిగే సోడా ఎక్కువగా ఉందని తిప్పి పంపారు. కారణం, బాక్సైట్‌ను కాస్టిక్‌లో కరిగించి హైడ్రేట్ తీసే బేయర్ పద్ధతిలోనే ఉంది. హైడ్రేట్ గింజ పెరిగేటప్పుడు దాని లోపల కొంత సోడా చిక్కుకుంటుంది. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంత వరకు అది లోపలే ఉంటుంది. మిల్లులో గింజ పగలగానే కొత్త ముఖాలు తెరుచుకుని ఆ సోడా నీటికి అందుతుంది. కేబుల్ పైపొరలో సోడా ఉంటే తేమ తగిలినప్పుడు విద్యుత్ నిరోధకత పడిపోతుంది. అందుకే మంచి కేబుల్ రకాలను రుబ్బి చేయరు. మొదటి నుంచి ద్రావణంలో సన్నని గింజగానే అవక్షేపింపజేస్తారు. అది రిఫైనరీ స్థాయి పని, చిన్న ఫ్యాక్టరీ చేయగలిగేది కాదు.

యజమాని కుమార్తె రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి ఫ్యాక్టరీ ల్యాబ్ చూసుకుంటోంది. తిప్పి వచ్చిన పరీక్షా పత్రం పట్టుకుని ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి అడిగిన మాట నాకు గట్టిగా గుర్తుంది: "సార్, వాళ్లకు సోడా తక్కువ కావాలి. మరి సోడా ఉన్నా పట్టించుకోని వాళ్లెవరు?" ఆ ప్రశ్నతోనే ఈ కేసు మలుపు తిరిగింది. కేబుల్ పక్కన పెట్టి, కృత్రిమ పాలరాయి, రబ్బరు బెల్టులు, విద్యుత్ ప్యానెళ్ల అచ్చు పదార్థం చేసేవాళ్ల జాబితా తయారు చేశాము. ప్యానెళ్లవాళ్లకూ సోడా కొంత వరకే ఫరవాలేదు. పాలరాయివాళ్లకు మాత్రం తెల్లదనమూ, రెజిన్‌తో కలిపినప్పుడు ముద్ద పలుచగా ఉండటమూ ముఖ్యం.

తెల్లదనం మరో కథ. బాక్సైట్‌లో ఆకుల, వేళ్ల కుళ్లు నుంచి వచ్చే సేంద్రియ పదార్థం కాస్టిక్‌లో కరిగి, హైడ్రేట్‌కు లేత గోధుమ ఛాయ ఇస్తుంది. వానాకాలం తరువాత తవ్విన ఖనిజంలో ఇది ఎక్కువ అని నా అనుభవం. లాట్ లాట్‌కూ ఛాయ మారితే పాలరాయి చేసేవాడు ఒప్పుకోడు, రెండు పలకలు పక్కపక్కన పెడితే తేడా ఇట్టే కనబడుతుంది. అందుకని ఆ అమ్మాయి ప్రతి లాట్‌నుంచీ ఒక డబ్బా దాచి, తెల్లదనం కొలిచి, దగ్గర దగ్గరగా ఉన్న లాట్లనే ఒక కంటైనర్‌లో కలిపే పద్ధతి పెట్టింది. తక్కువ తెల్లగా ఉన్నది రబ్బరు బెల్టులకు పోతుంది, ఇంకా తక్కువది సొంత పటిక రియాక్టర్‌లోకి పోతుంది. ఏదీ వృథా కాదు. పటిక పని వదలకుండా ఉంచినందుకు ఇక్కడ ఫలితం దక్కింది. ఎగుమతికి పనికిరాని సరుకును ఇంట్లోనే మింగేయగలిగే చోటు లేకపోతే చిన్న ఫ్యాక్టరీ ఎగుమతి నాణ్యతను నిలబెట్టలేదు. ఈ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఈ ఫ్యాక్టరీలోనే నేర్చుకున్నాను.

కాగితాలు, సంచులు, లారీలు

ఎగుమతి కోడ్ తీసుకోవడం, జీఎస్టీ కట్టకుండా పంపేందుకు హామీ పత్రం ఇవ్వడం, రసాయనాల ఎగుమతి మండలి కెమెక్సిల్‌లో సభ్యత్వం, ఇవి కంప్యూటర్ ముందు కూర్చుని ఓపిక పడితే అయిపోయే పనులే. అల్యూమినియం హైడ్రాక్సైడ్ కస్టమ్స్ శీర్షిక 2818.30. పటికది 2833.22. పత్రాల్లో ఈ రెండూ కలిసిపోకుండా చూడాలి, ఎందుకంటే ఈ ఫ్యాక్టరీ లైసెన్సుల్లో మొదటి నుంచీ ఉన్నది పటిక ఒక్కటే. కాలుష్య నియంత్రణ మండలి అనుమతిలో కొత్త ఉత్పత్తిని చేర్పించడానికే ఎక్కువ సమయం పట్టింది.

యూరప్ సంగతి వేరు. అక్కడికి ఏటా ఒక టన్ను దాటి పంపే ప్రతి రసాయనం రీచ్ అనే ఐరోపా రసాయన భద్రతా నిబంధనల కింద నమోదై ఉండాలి. యూరప్ బయటి తయారీదారు నేరుగా నమోదు చేయలేడు, అక్కడ ఒక ప్రతినిధిని పెట్టుకోవాలి, సమాచార పత్రాల ఖర్చులో వాటా కట్టాలి. చిన్న లాట్లు అమ్ముకునే ఫ్యాక్టరీకి ఆ ఖర్చు రాబట్టుకోవడం కష్టం. నమోదు చేసుకున్న దిగుమతిదారే ముందుకు వచ్చి బాధ్యత తీసుకుంటే తప్ప యూరప్ వైపు చూడవద్దన్నాను. పశ్చిమాసియా, శ్రీలంక, బంగ్లాదేశ్ చాలు.

సంచుల సంగతి ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మెత్తటి పొడి తేమను పీల్చి గడ్డ కడుతుంది. జూన్ తరువాత రాయగడలో గాలి నిండా తేమే. డ్రయ్యర్ నుంచి వేడిగా వచ్చిన పొడిని వెంటనే సంచిలో నింపితే లోపలి ఆవిరి చల్లబడి సంచి గోడలకు నీటి చుక్కలవుతుంది. గల్ఫ్ చేరేసరికి అడుగున ఉన్న సంచులు రాళ్లయ్యాయి. పొడిని చల్లబరిచాకే నింపడం, లోపల పాలిథిన్ పొర ఉన్న జంబో సంచులు వాడటం, కంటైనర్‌లో తేమ పీల్చే సంచులు వేలాడదీయడం, ఈ మూడింటితో ఆ ఫిర్యాదు ఆగిపోయింది.

కంటైనర్‌ను ఫ్యాక్టరీ వరకు తెప్పించాలా, సరుకును లారీలో విశాఖకు పంపి అక్కడ నింపాలా అన్నదాని మీద చాలా చర్చ జరిగింది. ఖాళీ కంటైనర్ విశాఖ నుంచి రావాలి, దాని రాకపోకలకు రెండు వైపులా కిరాయి. లారీలైతే విశాఖ నుంచి రాయగడకు సరుకు తెచ్చి ఖాళీగా తిరిగి వెళ్లేవి దొరుకుతాయి, తిరుగు కిరాయి తక్కువ. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా ఒక రాత్రి ప్రయాణం. విశాఖలో గోదాముకు దించి కంటైనర్‌లో నింపే ఖర్చు కలిపినా లారీయే చవక అయింది. గోపాల్‌పూర్ రేవు కూడా చూశాము. కంటైనర్ ఓడల రాక విశాఖలో క్రమం తప్పకుండా ఉంటుంది కాబట్టి దానికే మొగ్గాము. లారీ డ్రైవర్లు, విశాఖ కస్టమ్స్ ఏజెంట్, రాయగడ గోదాము మనుషులు అందరూ తెలుగువాళ్లు కావడం వల్ల పని జరిగిన వేగాన్ని రాష్ట్ర సరిహద్దు ఆపలేదు. ఎగుమతి పథకాలు వేసే అధికారులు భువనేశ్వర్ నుంచి ఒక మ్యాప్, అమరావతి నుంచి ఒక మ్యాప్ చూస్తారు. సరుకు మాత్రం వెళ్లే దారి ఒక్కటే.

కొండ వైపు ఒక మాట

ఈ కేసు రాస్తూ కొండల సంగతి దాటేస్తే అన్యాయం. 2000 డిసెంబరులో కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో బాక్సైట్ గనులను వ్యతిరేకించిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వకానికి కాదన్నాయి. మా ఫ్యాక్టరీలో పని చేసేవాళ్లలో ఆ కొండల కింది గ్రామాలవాళ్లు ఉన్నారు. తవ్విన ప్రతి టన్ను బాక్సైట్ నుంచి మనం ఎంత విలువ రాబడుతున్నామన్నది నాకు అందుకే వ్యాపార ప్రశ్న మాత్రమే కాదు. ఒక మెట్టు దగ్గరే ఆగిపోయి ఎగుమతి చేస్తే అదే డబ్బు కోసం ఇంకా ఎక్కువ కొండలు తవ్వాలి.

ఇంకో సంగతి నన్ను వేధిస్తుంది. బేయర్ ద్రావణంలో గాలియం అతి తక్కువ పరిమాణంలో కరిగి తిరుగుతూ ఉంటుంది. చిప్‌లకూ రాడార్లకూ కావలసిన లోహం అది. ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు మొత్తం చైనా చేతిలో ఉంది, 2023 ఆగస్టు నుంచి ఆ దేశం దాని ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. గాలియం తీయడం పటిక ఫ్యాక్టరీ పని కాదు. రిఫైనరీలు మాత్రం ఆ ద్రావణాన్ని దశాబ్దాలుగా పైపుల్లో తిప్పుతూనే ఉన్నాయి. అందులోని గాలియం బయటకు తీయడం వాటికి ఈపాటికే రోజువారీ పని అయి ఉండాల్సింది.

ఇప్పుడు ఎక్కడున్నాము

ఫ్యాక్టరీ ఆదాయంలో ఎక్కువ భాగం ఇప్పటికీ పటికదే, అది ఇంటి చుట్టూ అమ్ముడుపోతుంది. హైడ్రేట్ పొడి క్రమం తప్పకుండా విశాఖ నుంచి ఓడ ఎక్కుతోంది. ప్రధానంగా పాలరాయి, విద్యుత్ ప్యానెళ్లవాళ్లకు, కొంత రబ్బరు బెల్టులకు. లాభం టన్నుకు పటిక కంటే చాలా ఎక్కువ, పరిమాణం చిన్నది. డబ్బు ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) మీద వస్తుంది కాబట్టి టెండరు బిల్లుల ఆలస్యాన్ని అది కొంత మోస్తోంది. స్టియరిక్ పూత వేసిన రకానికి ఇద్దరు కొనుగోలుదారులు దొరికారు. రెండో మిల్లు పెట్టాలని యజమాని తొందరపడుతున్నారు. హైడ్రేట్ సరఫరాకు రిఫైనరీతో ఏడాది ఒప్పందం కుదిరాకే అని నేను పట్టుబడుతున్నాను. ఇప్పుడు నెల నెలా వేలంలోనో డీలర్ దగ్గరో కొనుక్కుంటున్నారు. అల్యూమినియం ధర పెరిగిన నెలలో హైడ్రేట్ అమ్మకానికి రావడమే తగ్గిపోతుంది, కొండ పక్కనే ఉండి కూడా మిల్లు ఆపుకోవాల్సి వస్తుంది.

ఒప్పందం ముసాయిదా రాసి ఇచ్చాను. అందులో కనీస నెలవారీ పరిమాణంతో పాటు తెల్లదనం కనీస విలువ కూడా పెట్టమని ఆ అమ్మాయి పట్టుబట్టి చేర్పించింది. రిఫైనరీ అమ్మకాల విభాగం పరిమాణానికి ఒప్పుకునేలా ఉంది, తెల్లదనం మీద ఇంకా బేరం నడుస్తోంది.